చిన్ని ముక్కు... పెద్ద గాలి!

జలుబే కదా అనుకుంటాం. రెండో రోజుకి పాప పాలు వదిలేస్తుంది. మూడో రోజుకి డొక్కలెగరేస్తుంది. మామూలు ఆక్సిజన్‌ చాలదు, అలాగని వెంటిలేటర్‌ పెట్టేంత అవసరమూ రాలేదు. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నటి జాగాలో పిల్లల ఐసీయూలు ఇప్పుడో యంత్రాన్ని నిలబెడుతున్నాయి. పేరు... హై ఫ్లో!

ముసురు పట్టిన రాత్రి. తువ్వాలులో చుట్టిన పసిబిడ్డను ఎత్తుకుని తల్లి ఆటో దిగుతుంది. వెనకే సంచీ పట్టుకుని అమ్మమ్మ. ‘నెమ్ము చేసింది’ అంటారు కొందరు. ‘దమ్మొస్తోంది’ అంటారు ఇంకొందరు. తువ్వాలు పక్కకి తీసి ‘డొక్కలెట్లా ఎగరేస్తోందో చూడండి సార్‌’ అని చూపించే అమ్మమ్మలు మాత్రం సగం డాక్టర్లే. వానాకాలం నుంచి చలికాలం దాకా సికింద్రాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి దగ్గరైనా, అవతల నగరంలో నీలోఫర్‌ దగ్గరైనా ఇలాంటి దృశ్యం కొత్తేం కాదు. 1851లో చిన్న వైద్యశాలగా మొదలైన గాంధీ, రైల్వేస్టేషన్‌ ఎదుట చాలా ఏళ్లు నడిచి, 2003లో ముషీరాబాద్‌ పాత జైలు స్థలానికి మారింది. చోటు మారిందే కానీ జిల్లాల నుంచి బిడ్డల్ని చంకనేసుకుని వచ్చేవాళ్లు మాత్రం తగ్గలేదు.

అలా వచ్చే పిల్లల్లో ఒక పాపని ఊహించుకుందాం. వయసు ఏడు నెలలు. బరువు ఎనిమిది కిలోలు. నిమిషానికి 70 సార్లు ఊపిరి తీస్తోంది. అంటే గంటకి 4,200 సార్లు. మనకి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటాం. పాపకి ఆ వెసులుబాటు లేదు. ఆపిందంటే ఊపిరే ఆగిపోతుంది. అందుకే నిద్ర మానేసి, పాలు మానేసి, ఒంట్లో ఉన్న శక్తినంతా ఆ ఒక్క పనికే ఖర్చు పెడుతోంది. ఆ శక్తి ఎంతసేపుంటుంది? పిల్లల ఐసీయూలో డాక్టర్లని భయపెట్టే ప్రశ్న ఇదే. ఆక్సిజన్‌ అందకపోవడం ఒక ప్రమాదమైతే, అలసిపోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం.

గొట్టం సన్నబడితే...

ఏడాదిలోపు పిల్లల్లో ఈ పరిస్థితికి తరచూ కారణమయ్యే జబ్బు బ్రాంకియోలైటిస్‌. ఊపిరితిత్తుల్లో చిట్టచివరి సన్నని గాలిగొట్టాలు వాచిపోయి, లోపల జిగురులాంటి కళ్లె నిండిపోతుంది. దీని వెనక ఎక్కువగా ఉండేది ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌. రెండేళ్లు నిండేసరికి దాదాపు ప్రతి బిడ్డకీ ఒక్కసారైనా సోకుతుంది. చాలామందికి జలుబుతోనే పోతుంది. కొందరికే కిందికి దిగుతుంది.

పెద్దవాళ్లకి జలుబు చేసే అదే వైరస్‌ పసివాళ్లని ఐసీయూకి ఎందుకు తెస్తుంది? లెక్క చూస్తే అర్థమవుతుంది. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలికి అడ్డంకి రెండింతలు అవదు... పదహారింతలవుతుంది! మన గాలిగొట్టంలో కాస్త వాపు వస్తే దగ్గు వస్తుంది. పసిబిడ్డ గాలిగొట్టంలో అంతే వాపు వస్తే దారి మూసుకుపోతుంది. పైగా పసివాళ్లు ప్రధానంగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. ఆ ముక్కు జలుబుతో బిగుసుకుపోయి ఉంటుంది.

ఇంతకుముందు డాక్టర్ల చేతిలో మెట్లు దూరం దూరంగా ఉండేవి. మొదటి మెట్టు... ముక్కు దగ్గర సన్నని గొట్టం పెట్టి నిమిషానికి ఒకటి రెండు లీటర్ల ఆక్సిజన్‌ ఇవ్వడం. అంతకు మించి ఇస్తే ఆ పొడి, చల్లటి గాలికి ముక్కు లోపల ఎండిపోయి మండుతుంది. అటు చివరి మెట్టు వెంటిలేటర్‌. నోట్లోంచి గొట్టం వేయాలి, మత్తులో ఉంచాలి, రోజుల తరబడి కాపలా కాయాలి. ఇన్ఫెక్షన్ల భయం వేరే. మధ్యలో సీప్యాప్‌ ఉంది. ముఖానికో ముక్కుకో బిగుతుగా తగిలించి, లోపలి గాలిగొట్టాలు ముడుచుకుపోకుండా కొంచెం ఒత్తిడి ఇస్తుంది. 1971లో అమెరికాలో జార్జి గ్రెగరీ బృందం నెలలు నిండని పిల్లల మీద దీన్ని విజయవంతంగా వాడి చూపించింది. మంచి పద్ధతే. కానీ ఏడు నెలల పాపకి ముఖం మీద ఏదైనా బిగించి చూడండి... ఇల్లు పీకి పందిరేస్తుంది. ఏడిస్తే ఆయాసం ఇంకా పెరుగుతుంది.

హై ఫ్లో వచ్చి చేరింది ఈ మెట్ల మధ్యనే.

తడి, వెచ్చదనం, వేగం

చూడ్డానికి యంత్రం పెద్ద గొప్పగా ఉండదు. స్టాండు మీద ఓ డబ్బా, పైన వేలాడే శుద్ధమైన నీళ్ల సంచీ, లోపల వేడి తీగ ఉన్న గొట్టం, చివర రెండు మెత్తటి రబ్బరు ముక్కుగొట్టాలు. బుగ్గల మీద ప్లాస్టర్‌తో అంటిస్తారు. మాస్కు లేదు, పట్టీల బిగింపు లేదు.

అసలు కిటుకంతా గాలిని తయారుచేయడంలో ఉంది. యంత్రం గాలినీ ఆక్సిజన్‌నీ కావలసిన పాళ్లలో కలుపుతుంది. దాన్ని 37 డిగ్రీలకి, అంటే మన ఒంటి వెచ్చదనానికి తెస్తుంది. పట్టినంత తేమ పట్టిస్తుంది. చిత్తడి వేసవిలో సముద్రపు ఒడ్డున వీచే గాలిలా ఉంటుందన్నమాట. ఇలా తయారైన గాలిని ఎంత వేగంగా పంపినా ముక్కు నొచ్చుకోదు. చిన్నపిల్లలకి సాధారణంగా కిలో బరువుకి నిమిషానికి రెండు లీటర్ల దాకా ఇస్తారు. మన పాప ఎనిమిది కిలోలు కదా, 16 లీటర్లు. మామూలు గొట్టంతో ఇచ్చే దానికి ఎనిమిదింతలు!

ఇంత గాలి లోపలికెళ్లి ఏంచేస్తుంది? ఊపిరి వదిలినప్పుడు వాడేసిన గాలి అంతా బయటికి పోదు. ముక్కులో, గొంతులో కొంత నిలిచిపోతుంది. తర్వాతి ఊపిరితో మళ్లీ అదే లోపలికి వెళ్తుంది. పసివాళ్లకి ఒంటితో పోలిస్తే తల పెద్దది కాబట్టి ఈ నిలవ గాలి వాటా కూడా ఎక్కువే. హై ఫ్లో ఆ నిలవ గాలిని ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. దాంతో ప్రతి ఊపిరీ తాజా గాలితోనే మొదలవుతుంది. కొంత ఒత్తిడి కూడా ఇస్తుంది, అయితే పాప నోరు తెరిస్తే అది పోతుంది. కాబట్టి దాని మీద పూర్తిగా భరోసా పెట్టుకోలేం. తేమ వల్ల కళ్లె పలచబడుతుంది. గాలిని వేడిచేసే పని యంత్రమే చేసేస్తుంది కనుక ఆ మేరకు పాపకి శక్తి మిగులుతుంది.

ఇక్కడో పిట్టకథ. ఇప్పుడు ప్రాచుర్యంలో ఉన్న ఈ తరహా యంత్రాల తొలి రూపాల్లో ఒకటి మొదట పందెపు గుర్రాల కోసం తయారైందట. పరుగెత్తే గుర్రాలకి తేమగాలి పట్టించడానికి! గుర్రం నుంచి నెలల పిల్లల దాకా ప్రయాణం... వైద్యంలో ఇలాంటివి మామూలే.

మొదటి గంటే కీలకం

యంత్రం పెట్టిన వెంటనే గోడ గడియారం చూడాలి. గంట... మహా అయితే గంటన్నర. ఈలోపు గుండె వేగం, ఊపిరి వేగం దిగాలి. డొక్కల ఎగరేత తగ్గాలి. పాప కాస్త కన్ను మూయాలి. అలా జరిగితే మంచి గుర్తే. జరగకపోతే యంత్రం ఇంకాసేపు ఉంచితే పనిచేస్తుందిలే అని కూర్చోవడం ప్రమాదం. సీప్యాప్‌కో వెంటిలేటర్‌కో వెళ్లిపోవాలి. ఆలస్యంగా వేసిన గొట్టం, సకాలంలో వేసిన గొట్టం ఒకటి కాదు.

ఇందులో ఓ మోసం ఉంది. ఊపిరి వేగం తగ్గడానికి రెండు కారణాలుండొచ్చు. పాపకి నెమ్మదించి ఉండొచ్చు. లేదా పూర్తిగా అలసిపోయి ఉండొచ్చు. మానిటర్‌ మీద రెండు సందర్భాల్లోనూ అంకె ఒకేలా దిగుతుంది. తేడా పాప ముఖంలో తెలుస్తుంది. నెమ్మదించిన పాప అమ్మ గొంతు వింటే కళ్లు తిప్పుతుంది. అలసిపోయిన పాప తిప్పదు. ఈ తేడా కనిపెట్టాల్సింది మంచం పక్కనున్న సిస్టరే.

మంచం పక్కన మనిషి ఉండటం ఎంత ముఖ్యమో చెప్పే రెండు పరిశోధనలున్నాయి. రెండూ మనలాంటి పేద దేశాల్లో జరిగినవే. బంగ్లాదేశ్‌లోని ఢాకాలో జోబాయర్‌ చిస్తీ అనే పిల్లల డాక్టర్‌ ఖరీదైన యంత్రం అక్కర్లేకుండా నీళ్లు నింపిన షాంపూ సీసాతో సీప్యాప్‌ తయారుచేశారు. పాప వదిలే గాలి గొట్టంలోంచి సీసా నీళ్లలోకి వెళ్లి బుడగలు వస్తాయి. ఆ నీటి లోతే ఒత్తిడి. తీవ్రమైన న్యుమోనియాతో వచ్చిన 225 మంది పిల్లల్ని మూడు జట్లుగా చేసి 2015లో ఆయన బృందం ఫలితాలు ప్రచురించింది. మామూలు ఆక్సిజన్‌ జట్టులో నూటికి 15 మంది, హై ఫ్లో జట్టులో 13 మంది చనిపోతే, బుడగల సీసా జట్టులో నలుగురే చనిపోయారు. ఖరీదైన యంత్రం కన్నా సీసాయే నెగ్గినట్టు కనిపించింది కదూ!

ఇక ఆఫ్రికాలోని మలావి. అక్కడా తీవ్రమైన న్యుమోనియా పిల్లలకి బుడగల సీప్యాప్‌నే పెట్టి చూశారు. 2019లో ఫలితాలొచ్చాయి. ఈసారి తిరగబడింది. సీప్యాప్‌ పెట్టిన పిల్లల్లో నూటికి 17 మంది చనిపోతే, మామూలు ఆక్సిజన్‌ మీదున్న వాళ్లలో 11 మందే చనిపోయారు. పద్ధతి అదే, ఫలితం మాత్రం తలకిందులు. ఢాకాలో ఐసీయూ సదుపాయం, వెంటనే చేరుకునే డాక్టర్లు ఉన్నారు. మలావిలో అది జిల్లా ఆసుపత్రి మామూలు వార్డు. రోజూ డాక్టర్‌ పర్యవేక్షణ ఉండేది కాదు. రెండు చోట్లా పిల్లలూ వేరు, వాళ్ల జబ్బుల తీవ్రతా వేరు కాబట్టి తేడాకి ఇదొక్కటే కారణమని తేల్చలేం. అయినా యంత్రం కొనేముందు ప్రతి ఆసుపత్రీ ఈ రెండు ఊళ్లనీ పక్కపక్కన పెట్టుకుని చూడాలనిపిస్తుంది.

ఊపిరిని చూడమని పట్టుబట్టిన డాక్టరొకాయన మన నగరంలోనే ఉండేవాడు, నూట ముప్పై ఏళ్ల కిందట. హైదరాబాద్‌ రెసిడెన్సీ సర్జన్‌ ఎడ్వర్డ్‌ లారీ. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు నాడి కాదు, ఊపిరి చూడండని ఆయన వాదం. దాన్ని తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో రెండోసారి హైదరాబాద్‌లో కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం డబ్బిచ్చి మరీ లండన్‌ నుంచి నిపుణుణ్ని రప్పించాడు. క్లోరోఫారం నేరుగా గుండెనే ఆపగలదని తర్వాత తేలడంతో లారీ వాదం సగం వీగిపోయింది. మిగిలిన సగం మాత్రం... ఇవాళ్టికీ ఐసీయూలో సిస్టర్లు చేస్తున్నది అదేగా.

అందరికీ కావాలా?

కొత్త యంత్రం వస్తే అందరికీ పెట్టేయాలన్న ఉత్సాహం సహజం. బిల్లు వేసేవాళ్లకి ఇంకాస్త సహజం. కానీ పరిశోధనలు ఆ ఉత్సాహానికి కళ్లెం వేస్తున్నాయి.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో 1,472 మంది బ్రాంకియోలైటిస్‌ పిల్లల మీద చేసిన పరిశోధన 2018లో వచ్చింది. మామూలు ఆక్సిజన్‌ మీదున్న వాళ్లలో నూటికి 23 మందికి అది చాల్లేదు. హై ఫ్లో మీదున్న వాళ్లలో 12 మందికే చాల్లేదు. యంత్రం గెలిచినట్టే. కానీ ఆసుపత్రిలో ఉన్న రోజులు చూస్తే ఇద్దరికీ పెద్ద తేడా లేదు. మామూలు ఆక్సిజన్‌ చాలని పిల్లలకి తర్వాత హై ఫ్లో పెడితే వాళ్లలోనూ ఎక్కువమంది కోలుకున్నారు. అంటే ముందు చిన్నదానితో మొదలుపెట్టి, చాలకపోతే పెద్దదానికి వెళ్లినా కొంపలేం మునగవు. అదే బృందం 2023లో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు పదిహేను వందల మందికి పైగా చూసి చెప్పింది ఇంకా గట్టిది. మొదట్లోనే హై ఫ్లో పెట్టిన పిల్లలే కాస్త ఎక్కువ కాలం ఆసుపత్రిలో ఉన్నారు.

మరి ఐసీయూలో చేరేంత ఆయాసం ఉన్నవాళ్లకి? బ్రిటన్‌లో పద్మనాభన్‌ రామ్‌నారాయణ్‌ నాయకత్వంలో జరిగిన పరిశోధనల ఫలితాలు 2022లో వచ్చాయి. జబ్బు ముదురుతున్న పిల్లల విషయంలో హై ఫ్లో, సీప్యాప్‌కి తీసిపోలేదు. మత్తు అవసరం కూడా తక్కువే పడింది. వెంటిలేటర్‌ గొట్టం తీసేశాక ఆసరాగా పెట్టినప్పుడు మాత్రం సీప్యాప్‌దే పైచేయి.

అందుకని ఫలానా ఆసుపత్రిలో హై ఫ్లో ఉంది అన్న బోర్డు చూసి మురిసిపోనక్కర్లేదు. లేదని కంగారూ వద్దు. మీ బిడ్డకి పెడుతుంటే రెండు మాటలు అడగండి చాలు. ‘గంట తర్వాత మళ్లీ ఎవరు చూస్తారు? ఇది పనిచేయకపోతే తర్వాతి మెట్టు ఇక్కడే ఉందా, వేరేచోటికి వెళ్లాలా?’ ఏ మంచి డాక్టరూ ఈ ప్రశ్నలకి విసుక్కోడు.

సిలిండర్‌ ఎంతసేపు?

ఆక్సిజన్‌ లెక్క కూడా తెలుసుకోవాలి. ఆసుపత్రుల్లో వాడే పెద్ద సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు పడుతుంది. పెద్దవాళ్లకి నిమిషానికి 60 లీటర్ల చొప్పున నూటికి నూరుపాళ్ల ఆక్సిజన్‌తో హై ఫ్లో పెడితే అది రెండు గంటలు కూడా రాదు. కొవిడ్‌ రోజుల్లో ఈ లెక్కే అందరి నిద్రా చెడగొట్టింది. రాష్ట్రంలో ప్రధాన కొవిడ్‌ ఆసుపత్రిగా ఉన్న గాంధీలో పైపుల్లో ఆక్సిజన్‌ ఆగకూడదన్నదే అప్పట్లో పెద్ద ఆరాటం. 2021 ఏప్రిల్‌లో బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లని వాయుసేన విమానంలో ఒడిశాకి పంపింది అందుకే. అదే ఏడాది మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్‌ రావడం ఆలస్యమై ఒత్తిడి పడిపోతే, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు.

పిల్లల లెక్క ఇంత భయంకరంగా ఉండదు. మన పాపకి 16 లీటర్ల గాలిలో ఆక్సిజన్‌ నూటికి 40 పాళ్లు చాలనుకుందాం. మామూలు గాలిలోనే నూటికి 21 పాళ్లు ఆక్సిజన్‌ ఉంది కాబట్టి, సిలిండర్‌ నుంచి తీసుకోవాల్సింది నిమిషానికి నాలుగు లీటర్ల లోపే. ఒక్క సిలిండర్‌ ముప్పై గంటల దాకా వస్తుంది. నూరుపాళ్లూ కావాల్సొస్తే ఏడు గంటలే. గాలి, ఆక్సిజన్‌ కలిపే పని సరిగా ఉన్నచోట చిన్న ఆసుపత్రి కూడా దీన్ని నడపగలదన్నమాట.

చిక్కు వేరేచోట ఉంది. కరెంటు! గాలిని వేడిచేయాలంటే విద్యుత్తు కావాలి. బాగా వాడుకలో ఉన్న కొన్ని నమూనాలకి లోపల బ్యాటరీ ఉండదు. ప్లగ్గు తీస్తే ఆగిపోతాయి. కొత్తవాటిలో ఇప్పుడిప్పుడే వస్తోంది. జిల్లా ఆసుపత్రిలో హై ఫ్లో మీద కాస్త తేరుకున్న బిడ్డని సికింద్రాబాద్‌ పంపాలంటే అంబులెన్స్‌లో ఏం పెట్టాలి? 2005 ఆగస్టు 15న ఈ నగరంలోనే 108 మొదలైంది. మనిషిని ఆసుపత్రికి చేర్చడమెలాగో దేశానికి నేర్పింది. పసిబిడ్డని ఊపిరి యంత్రంతో సహా చేర్చే బండ్లు మాత్రం ఇంకా అరుదే. అందుకే అనుభవమున్న డాక్టర్లు పాప అంచుమీద ఉంటే బయల్దేరే ముందే గొట్టం వేసి పంపుతారు. ‘బాగానే ఉంది కదా, ఎందుకు వేశారు’ అని బంధువులు గొడవపడేది సరిగ్గా అక్కడే. దారి మధ్యలో, చీకట్లో, కదిలే బండిలో గొట్టం వేయడమంటే ఏమిటో వాళ్లకి ఎవరూ చెప్పరు మరి.

మంచం దగ్గర ఇంకొన్ని చిన్న పనులున్నాయి. చిన్నవే కానీ తప్పితే పెద్దవైపోతాయి. నీళ్ల సంచీ ఖాళీ అయితే పొడిగాలి పోతుంది. ఏసీ గదిలో గొట్టంలో నీరు పేరుకుని పాప ముక్కులోకి జారొచ్చు. ముక్కుగొట్టం రంధ్రాన్ని పూర్తిగా మూసేయకూడదు. సగం ఖాళీ ఉండాలి. లేకపోతే లోపల ఒత్తిడి అదుపు తప్పుతుంది. పొట్టలోకి గాలి చేరి ఉబ్బుతుంది. అరుదుగా ఊపిరితిత్తికి చిల్లుపడే ప్రమాదమూ ఉంది. ఆయాసం ఎక్కువున్నప్పుడు పాలు ముక్కు ద్వారా పొట్టలోకి వేసిన సన్నగొట్టంతోనే పడతారు. రొమ్ము పట్టనివ్వలేదని తల్లులు ఏడుస్తారు. పిండి ఇచ్చిన ఆ పాలే గొట్టంలోంచి వెళ్తాయని ఒక్కమాట చెబితే ఆ ఏడుపు సగం తగ్గుతుంది.

ఇంట్లోనే లెక్కపెట్టండి

యంత్రం దాకా రాకముందు మనం చేయగలిగిందీ ఉంది. పాప నిద్రపోతున్నప్పుడో, ప్రశాంతంగా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిండు నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు. పసివాళ్ల ఊపిరి ఒకే తీరున నడవదు. రెండు నెలల్లోపు పిల్లలకి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకి 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు వాళ్లకి 40... అంతకు చేరినా, దాటినా వేగం ఎక్కువైనట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అప్పుడు డాక్టర్‌కి చూపించాలి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుంటున్నా, పాలు తాగలేకపోతున్నా, మూలుగుతున్నా, పెదవులు నీలిరంగు తిరిగినా, మధ్యమధ్య ఊపిరి ఆగుతున్నా ఇక లెక్కలు కట్టి పెట్టి బయల్దేరాలి. అప్పటిదాకా రొప్పుతూ ఏడ్చిన పాప ఉన్నట్టుండి మెతకబడి కదలకుండా ఉంటే తగ్గిందనుకుని పడుకోబెట్టొద్దు.

ఇంట్లో కరక్కాయ రుద్దడం, ఛాతీకి వేడి నూనె పట్టించడం తరతరాలుగా ఉన్నవే. వాటితో పోయే సమయం గురించే డాక్టర్ల బెంగంతా. మరిగే నీళ్ల గిన్నె ముందు పసివాళ్లని కూర్చోబెట్టి ఆవిరి పట్టొద్దు. ఒళ్లు కాలిన పిల్లలు కూడా ఇదే ఐసీయూలకి వస్తుంటారు.

మన పాప దగ్గరికి మళ్లీ వద్దాం. హై ఫ్లో పెట్టి గంటయింది. 70 ఉన్న ఊపిరి 52కి దిగింది. కళ్లు అటూ ఇటూ తిప్పుతోంది. అలా రెండు మూడు రోజులు. ముందు ఆక్సిజన్‌ పాళ్లు తగ్గిస్తారు. 40 నుంచి 30కి, ఆ తర్వాత ఇంకా కిందికి. అది నిలబడితే గాలి వేగం తగ్గిస్తారు, లేదా ఒకేసారి తీసేసి చూస్తారు. డాక్టర్‌ ఫైల్లో ఏం రాసినా, తగ్గుముఖం పట్టిన సంగతి తల్లికి ముందే తెలిసిపోతుంది. పాప చెయ్యి మెల్లగా పైకి లేస్తుంది. బుగ్గ మీది ప్లాస్టర్‌ని గోరుతో గీకుతుంది. ముక్కుగొట్టాన్ని పట్టి లాగుతుంది. సిస్టర్‌ వచ్చి మళ్లీ అంటించి వెళ్తుంది. ఆమె అటు తిరగ్గానే పాప మళ్లీ లాగుతుంది.